ఆంధ్రతీరమునందలి చరిత్ర సాధనములు – సముద్రము

ఆంధ్రదేశ చరిత్రకు సాధనము లేవి యని ప్రశ్నించినచో శాసనములు, నాణెములు, కట్టడములు, కైఫీయతులు, కావ్యావతారికలు, విదేశ యాత్రికుల వ్రాతలు అని చెప్పుట పరిపాటి. వీనిని సేకరించుట, చదువుట, కాలనిర్ణయము చేయుట అను మూడు పనులను మన పూర్వపరిశోధకులు ఎంతయో శ్రమించి సాగించిరి. కాని ఈ సాధనములు నిలిచియున్న నేలను గూర్చి మనము విచారించిన సందర్భములు తక్కువ. నేల స్థిరము, దానిపైనున్న మానవకృతి అస్థిరము అను భావము మన పరిశోధనకు పునాదిగా ఉండుచు వచ్చినది. తూర్పుతీరమున ఈ భావము చెల్లదు. అచ్చట నేల ఒక కాలమున సముద్రములోనికి చొచ్చుకొనిపోయినది. నేడు పెక్కుచోట్ల వెనుకకు తగ్గుచున్నది.

వాతావరణమందలి మార్పువలన మానవుని సాంస్కృతిక వారసత్వమునకు కలుగు హానిని గూర్చి ఇటీవలి కాలమున ప్రపంచమంతట పరిశోధనలు సాగుచున్నవి. వానిలో చాలభాగము భూశాస్త్రజ్ఞులు, సముద్రశాస్త్రజ్ఞులు, కట్టడముల నిపుణులు చేయుచున్నవి. భాషాసాహిత్య శాఖలకు ఇందు పనియేమి యను సందేహము పుట్టవచ్చును. ఆ పని కలదనియు, అది మనము తప్ప ఇతరులు చేయలేని పనియనియు చూపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. విషయము విపులమగుటచే కృష్ణా గోదావరుల ముఖద్వారములకు చేరువనున్న తీరమునకే మా విచారమును ప్రధానముగా పరిమితము చేసికొనుచున్నాము.

మోటుపల్లి శాసనము

గాలివానను గూర్చిన ప్రస్తావన గల మన శాసనములలో మిక్కిలి ప్రసిద్ధమైనది కాకతీయ గణపతిదేవుని మోటుపల్లి శాసనము. వేటపాలెమునకు సమీపమున సముద్రతీరమునందున్న మోటుపల్లిలో వీరభద్రాలయ మండపమందలి స్తంభముపై ఇది చెక్కబడినది. శకవర్షము 1166, క్రోధి సంవత్సరము, అనగా క్రీ.శ. 1244–45. ఎపిగ్రాఫియా ఇండికా 12వ సంపుటమున ఇది ప్రకటితమైనది. దీనిని మనము సాధారణముగా అభయశాసనమని వ్యవహరించుచున్నాము. కర్పూరము, చందనము, చీనాపట్టు, పగడములు, ముత్యములు, పన్నీరు, దంతము మున్నగు సరకులపై సుంకములు ఇందు నిర్ణయింపబడియుండుటచే వాణిజ్యచరిత్రకారులు దీనిని పలుమారులు ఉదాహరించిరి.

కాని శాసనమునకు ప్రాణము సుంకముల పట్టికలో లేదు. ఒక దేశమునుండి మరియొక దేశమునకు పోవు ఓడలు తుపానుచే దెబ్బతిని, పగిలి, తీరమున కొట్టుకొని వచ్చినప్పుడు అందలి బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను పూర్వరాజులు బలాత్కారముగా గైకొనుచుండిరనియు, తాము దయచేతను, కీర్తికొరకును, ధర్మముకొరకును నిర్ణీతమైన సుంకము తప్ప మిగిలినదంతయు వర్తకులకే విడిచిపెట్టుచున్నామనియు గణపతిదేవుడు ప్రకటించెను. ప్రాణముకంటె ధనమే గొప్పదని తలచి సముద్రయానమునకు సాహసించువారిపై దయ చూపవలెననుట ఇందలి భావము.

దీనినిబట్టి మూడు విషయములు తెలియుచున్నవి. మొదటిది: ఈ తీరమున ఓడలు పగులుట అపూర్వసంఘటన కాదు, రాజశాసనమునకు విషయము కాదగినంత తరచుగా జరుగు సంగతి. రెండవది: ఆ నష్టమునకు ఒక న్యాయవ్యవస్థ ఉండెను, అది క్రూరమై యుండి, తరువాత సడలింపబడినది. మూడవది, మన విషయమునకు ముఖ్యమైనది: ప్రకృతివైపరీత్యమును ఎదుర్కొనుటలో మానవసమాజము చేసిన ఏర్పాటుకూడ సాంస్కృతిక వారసత్వమే. స్తంభము ఒక శిల్పఖండము మాత్రము కాదు. తుపానునకు ఒక రాజ్యము ఇచ్చిన సమాధానము.

క్రీ.శ. 13వ శతాబ్ది చివర మార్కోపోలో ముట్ఫిలి యని పేర్కొన్న ఆ రేవు నేడు చిన్నగ్రామము. ఓడలు లేవు, సుంకరులు లేరు. తుపానుబాధితులకు అభయమిచ్చిన శాసనము మాత్రము నేటికిని సముద్రపుగాలి సోకు దూరముననే నిలిచియున్నది.

నది గెలిచిన కాలము

సముద్రము భూమిని మ్రింగుననుటయే మనకు వాడుక. కృష్ణా గోదావరుల చరిత్రలో అధికకాలము ఇందుకు విరుద్ధముగా జరిగినది. ఈ రెండునదులు కొనితెచ్చిన ఒండ్రుమట్టి వేలయేండ్లుగా సముద్రమును వెనుకకు నెట్టినది. ఐదారువేల సంవత్సరములకు పూర్వము తీరరేఖ కొల్లేటికి చేరువగా ఉండెనని భూశాస్త్రజ్ఞులు నిర్ణయించినారు. డెల్టాలో నేడు ఊళ్ళమధ్య కనబడు ఇసుక మెరకలు కొన్ని ప్రాచీన తీరరేఖల అవశేషములే.

చరిత్రకాలమున ఇందుకు నిదర్శనము ఘంటసాల. టాలెమీ కంటకొస్సుల యను పేర దీనిని వర్తకస్థానముగా పేర్కొనెను. ప్రాకృతశాసనములలో దీని పేరు కంటకసేల, కంటకసోల యను రూపములలో కనబడుచున్నది. అచ్చటి బౌద్ధావశేషములలో మహానావికుడైన సివకుని దానమును తెలుపు శాసనము కలదు. మహానావికుడు దానము చేయదగిన ఊరు ఓడలకు అందుబాటులో ఉండవలెను గదా! నేడు ఘంటసాలలో నిలిచి చూచినచో చుట్టును వరిచేలు, కాలువలు; సముద్రము కంటికి కానరాదు. ఊరు కదలలేదు, తీరమే తొలగిపోయినది.

స్థలనామములు ఈ చరిత్రకు మరియొక సాక్ష్యము. దివి యనగా ద్వీపము. దివిసీమ కృష్ణ పాయల నడుమ నున్న ద్వీపమని ఆ పేరే చెప్పుచున్నది. నాగాయలంకలోని లంక, పాలకాయతిప్పలోని తిప్ప, ఏటిమొగలోని మొగ అను పదములు నీటికిని నేలకును గల సంబంధమును తెలుపు పారిభాషిక పదములవంటివి. నీటినడుమ మెరక లంక. ఇసుక మేటవేసి ఏర్పడినది తిప్ప. ఏరు సముద్రమున కలియుచోటు మొగ. ఉప్పునీరు తగిలి పంటకు రాని పల్లపు బయలు పర్ర. నేడు నీటిజాడయే లేని చోట ఊరిపేరు చివర లంక యనియో తిప్ప యనియో ఉన్నచో అచ్చట ఒకప్పుడు నీరు ఉండియుండునని శంకింపవలెను. శంకింపవలెనే కాని వెంటనే నిశ్చయింపరాదు. వలసపోయిన వారు తమ ఊరిపేరును వెంటగొనిపోవుట కలదు. స్థలనామము చెప్పుదానిని నేలపొరలును చెప్పినప్పుడు మాత్రమే సాక్ష్యము బలపడును.

గాలివానలు, సంఖ్యలు, సంవత్సరనామములు

నది మెల్లగా ఇచ్చినదానిని సముద్రము ఒక్కరాత్రిలో కొనిపోయిన సందర్భములును కలవు. తెలుగులో గాలివాన వేరు, ఉప్పెన వేరు. గాలితో కూడిన వాన మొదటిది. సముద్రము పొంగి నేలపైకి వచ్చుట రెండవది. ఈ రెంటికి వేరువేరు పదము లుండుటయే తీరవాసుల అనుభవమునకు సాక్ష్యము.

గోదావరి ముఖద్వారమునందలి కోరంగి 18వ శతాబ్దిలో ఓడలు కట్టుటకును బాగుచేయుటకును పేరువడసిన రేవు. 1789 డిసెంబరులో మూడుమారులు ఉప్పెన పొంగి దానిని ముంచివేసెను. 1839 నవంబరు 25న మరియొక ఉప్పెన వచ్చెను. సైక్లోన్ అను పదమును కల్పించిన హెన్రీ పిడింగ్టన్ 1789 నాటి కోరంగి వృత్తాంతమును తన రచనలో చేర్చుకొనెను. నేడు కోరంగి చిన్నగ్రామము. దాని పేర మడఅడవుల అభయారణ్యము కలదు. అయినను కోరంగి పేరు సముద్రమును దాటిపోయినది. అచ్చట ఓడయెక్కి బర్మాకు వెళ్ళిన తెలుగువారిని బర్మాలో కోరంగీలని పిలిచిరి. రేవు నశించిన తరువాతను రేవుపేరు ఒక జాతికి పేరై పరదేశమున నిలిచినది.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి మచిలీబందరును ఉప్పెన ముంచెను. సుమారు 30,000 మంది మరణించిరి. డచ్చివారు 17వ శతాబ్ది ఆరంభముననే వర్తకశాల నెలకొల్పిన పట్టణమది. 1611లో ఆంగ్లేయులు అడుగుపెట్టిన పట్టణమది. ఆ రాత్రి తరువాత పూర్వవైభవము మరలి రాలేదు. ఇక 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో సొర్లగొంది మున్నగు గ్రామములు తుడిచిపెట్టుకొని పోయినవి. అధికారిక లెక్కలనుబట్టియే సుమారు పదివేలమంది చనిపోయిరి.

ఇచ్చట పరిశోధకులు జాగ్రత్త వహింపవలసిన విషయములు రెండు. మొదటిది సంఖ్యలను గూర్చినది. 1839 నాటి కోరంగి ఉప్పెనలో మూడులక్షలమంది చనిపోయిరని పెక్కు గ్రంథములలో కనబడుచున్నది. కోరంగి రేవుపట్టణమే కాని మహానగరము కాదు. చుట్టుపట్ల గ్రామములను కలుపుకొన్నను అంతటి సంఖ్యను సమర్థించుట కష్టము. ఒక గ్రంథమునుండి మరియొక గ్రంథమునకు ఎక్కుచు వచ్చిన సంఖ్య, ఎన్నిచోట్ల కనబడినను ఒక్క సాక్ష్యమే యగును. దుఃఖము పెద్దదని చూపుటకు సంఖ్యను పెంచ నక్కరలేదు.

రెండవది కాలనిర్ణయమును గూర్చినది. జనులు విపత్తులను సంవత్సరనామములతో జ్ఞాపకముంచుకొనిరి. 1832–33 నాటి గుంటూరు క్షామము నందనకరువు. దానినే డొక్కలకరువనియు అందురు. 1876–77 నాటిది ధాతకరువు. కైఫీయతులలోను, కుటుంబములందలి వ్రాతలలోను క్రీస్తుశకము కనబడదు, సంవత్సరనామమే కనబడును. రక్తాక్షి సంవత్సరమున ఉప్పెన వచ్చెనని ఒక వ్రాతలో ఉన్నచో అది 1864 కావచ్చును. 1804 గాని 1924 గాని కావచ్చును. అరువదియేండ్ల చక్రము తిరుగుచునే ఉండును గనుక మాసము, తిథి, వారము, లిపి, ప్రస్తావింపబడిన అధికారులపేర్లు మున్నగువానితో పోల్చి చూడవలెను. 1789 డిసెంబరు సౌమ్యనామ సంవత్సరమున, 1839 నవంబరు వికారినామ సంవత్సరమున, 1977 నవంబరు పింగళనామ సంవత్సరమున వచ్చుచున్నవి. సౌమ్యసంవత్సరమున అంతటి ఉప్పెన వచ్చుట విధివిలాసము.

వాతావరణ శాస్త్రజ్ఞులకు పూర్వకాలపు తుపానుల పట్టిక కావలెను. యంత్రములతో కొలిచిన లెక్కలు రెండుశతాబ్దులకు పూర్వము ఈ తీరమున లభింపవు. అంతకు పూర్వపు సమాచారము తెలుగులోను, సంస్కృతములోను, డచ్చి మొదలగు భాషలలోను నిద్రించుచున్నది. తెలుగు వ్రాతలను చదివి, తిథులను సరిపోల్చి, అతిశయోక్తిని వేరుచేసి వారికి అందింపవలసినవారము మనమే. కల్నల్ మెకంజీ ఆధ్వర్యమున కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరులు మొదలగువారు శ్రమించి కూర్చిన స్థానిక చరిత్రలను రాజవంశములకొరకు చదివితిమి. చెఱువు తెగినదెప్పుడు, ఊరు పాడైనదెందువలన, జనులు ఎచ్చటికి తరలిరి అను దృష్టితో మరియొకమారు చదువవలసియున్నది.

నేటి పరిస్థితి

నది గెలిచిన కాలము ముగిసినది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పరిశోధకులు కృష్ణా గోదావరి డెల్టాల 336 కిలోమీటర్ల తీరమును పరిశీలించి, 1965–2008 నడుమ మొత్తముమీద 76 చదరపు కిలోమీటర్ల భూమి కోతకు గురియైనదని తేల్చిరి. ఇందుకు వారు చూపిన ముఖ్యకారణము నదులపై కట్టిన జలాశయములు. ఒండ్రు జలాశయముల అడుగున నిలిచిపోవుచున్నది. సముద్రతీరమునకు చేరుట లేదు. గోదావరి 1970వ దశకమున ఏటేట సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రును తీరమునకు చేర్చుచుండగా, 2000 తరువాత అది ఆరుకోట్ల టన్నులకు లోపునకు తగ్గినది. కృష్ణ విషయమున ఈ తగ్గుదల ఇంకను తీవ్రము.

మరియొకవైపు సముద్రమట్టము పెరుగుచున్నది. 1901–2018 నడుమ ప్రపంచ సముద్రముల సగటుమట్టము సుమారు 20 సెంటీమీటర్లు పెరిగినదని 2021లో అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల సంఘము ప్రకటించినది. 2006–2018 నడుమ ఏటికి 3.7 మిల్లీమీటర్లచొప్పున పెరిగినది; అనగా వేగమును హెచ్చినది. ఏటికి నాలుగు మిల్లీమీటర్లకు లోపు గదా యని ఉపేక్షింపరాదు. పల్లపు తీరమున నిలువుగా పెరిగిన కొలదిపాటి నీరు అడ్డముగా ఎంతో దూరము ప్రాకును. ఉప్పెన వచ్చినప్పుడు మునుపు తాకని మెట్టును తాకును.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. తీరమున జరుగు ప్రతినష్టమును వాతావరణమందలి మార్పునకే అంటగట్టుట శాస్త్రీయము కాదు. కాకినాడ సమీపమున ఉప్పాడలో సముద్రము రహదారిని, ఇండ్లను కోయుచున్నది. జామ్‌దానీ చీరల నేతకు పేరువడసిన ఊరది. అచ్చటి కోతకు సముద్రమట్టము పెరుగుట ఒక్కటే కారణము కాదు. రేవుకొరకు సముద్రములో కట్టిన అడ్డుగోడలు, గోదావరి ముఖద్వారమున సాగిన ఇసుకదిబ్బ, వీనివలన మారిన అలల నడక, ఇసుక రాకలోని తగ్గుదల – ఇవియన్నియు కలిసి పనిచేయుచున్నవి. కారణమును తప్పుగా చెప్పినచో ఉపాయమును తప్పగును. జలాశయమువలన వచ్చిన నష్టమును ఆకాశముమీదికి నెట్టుట సుకరము. ఎవరికిని బాధ్యత ఉండదు. అట్లే వాతావరణము మారుట లేదని కన్నులు మూసికొనుటయు సుకరమే. ఈ రెండు సౌకర్యములను విడిచిపెట్టుట పరిశోధకుని ధర్మము.

శిలకు, ఇటుకకు, కాగితమునకు కలుగు హాని

ఉప్పెన కట్టడమును కూల్చుట అందరికిని కనబడును. కనబడని హాని మరియొకటి కలదు. ఉప్పునీరు భూగర్భమున లోపలికి వచ్చుకొలది పునాదుల ఇటుకలు ఆ నీటిని పీల్చుకొనును. ఎండకు నీరు ఆవిరియై పోవును; ఉప్పు మాత్రము ఇటుకలోని సన్నని రంధ్రములలో స్ఫటికములై పెరుగును. ఆ ఒత్తిడికి ఇటుకపైపొర పొడిపొడిగా రాలును. మన ఊళ్ళలో దీనినే గోడకు చవుడు పట్టుట యందురు. తడియు ఎండయు మారుమారు వచ్చుకొలది ఈ క్రియ మరల మరల జరుగును. శిలలలోను, ముఖ్యముగా అక్షరములు చెక్కిన పైపొరలోను ఇదియే జరుగును. శాసనము విరుగనక్కరలేదు, పైపొర ఒక గోటిమందము లేచిపోయినను అక్షరము పోవును.

మేము విద్యార్థులతో కూడ మచిలీబందరులోని డచ్చివారి శ్మశానమును చూచితిమి. 17, 18 శతాబ్దుల సమాధిఫలకములపై కులచిహ్నములును, అక్షరములును ఉబ్బెత్తుగా చెక్కబడియున్నవి. ఒకే ఫలకముపై ఒకచోట పదును చెడని అక్షరమును, వేరొకచోట వ్రేలితో తడిమి గుర్తింపవలసిన అక్షరమును కనబడెను. తడి నిలుచు వైపు అరుగుదల హెచ్చుగా ఉన్నట్లు మాకు తోచెను. ఒక్కమారు చూచి సిద్ధాంతము చేయరాదు గనుక అదే ఫలకమును ఏటేట అదే మాసమున, అదే దూరమునుండి ఛాయాచిత్రము తీయుటకు విద్యార్థులను నియమించితిమి. పదియేండ్లకు గాని దీని ఫలితము తేలదు.

వర్షమువలని హానికి ఉదాహరణము విశాఖపట్నము సమీపమునందలి తొట్లకొండ. 2019 అక్టోబరులో కురిసిన భారీవర్షములలో అచ్చట పునర్నిర్మితమైన మహాస్తూపభాగము కూలినది. కొండపైనున్నంత మాత్రమున క్షేమమని తలచుటకు వీలులేదు. వాతావరణము వేడెక్కుకొలది గాలిలో తేమ హెచ్చును. కురిసినప్పుడు వాన ఒక్కుమ్మడిగా కురియును.

తాటియాకులును కాగితములును తేమకు మరింత సుకుమారములు. తేమ హెచ్చినచో బూజు పట్టును, పురుగు చేరును. మన పెద్దలు తాటియాకులకు నిమ్మగడ్డినూనె పూసి, మసితో అక్షరములు తేటపరచి, ఎండ కన్నెఱుగని చోట దాచిరి. అది ఆనాటి వాతావరణమునకు తగిన ఉపాయము. 1918లో వేటపాలెమున స్థాపితమైన సారస్వతనికేతనము తెలుగు పాతపత్రికల నిధి. సముద్రమునకు ఇంత చేరువగా తెలుగు పత్రికల చరిత్ర నిలిచియుండుట మనకు గర్వకారణమే కాని, నిశ్చింతకు కారణము కాదు.

చేతివిద్యకు నీరే ఆధారము

కట్టడములును పత్రములును మాత్రమే వారసత్వమనుకొనరాదు. బందరు అద్దకమును తీసికొందము. ఎఱ్ఱరంగుకొరకు పూర్వము చిరివేరును వాడిరి. ఇసుకనేలలో గవ్వలసున్నము కలసిన చోట పెరిగిన చిరివేరు మేలైన ఎఱుపు నిచ్చును. కృష్ణాముఖమునందలి నిజాంపట్నపు ప్రాంతము, అనగా ఐరోపావర్తకులు పెటపోలి యని వ్రాసిన చోటు, 17వ శతాబ్దిలో ఈ రంగునకు పేరుపొందినది. బట్టను కరక్కాయలో నానబెట్టుట, అచ్చు వేయుట, ఉడికించుట, పారునీటిలో ఉదుకుట, ఎండవేయుట అను క్రమమున నీరు అడుగడుగునను కావలెను. పెడనలో నేటికిని ఈ విద్య బ్రదికియున్నది. పారునీరు తగ్గి, నిలువనీరు ఉప్పనైనచో రంగు తేలుట కష్టము. అద్దకమునకు నమూనాను వస్తుప్రదర్శనశాలలో పెట్టవచ్చును, కాలువను పెట్టలేము. ఈ పనిలోని పదజాలమును, ఏ నెలలో ఏ పని చేయుదురు, ఏ నీటిని మంచినీరని ఎట్లు గుర్తింతురు అను వివరములను పనివారి నోటనుండి వ్రాసికొనుట భాషాశాఖలు వెంటనే చేయదగిన పని.

తరలింపు: ఒక పూర్వానుభవము

నీటిలో మునుగు వారసత్వమును రక్షించిన అనుభవము ఆంధ్రులకు క్రొత్త కాదు. నాగార్జునసాగరము కట్టుటకు పూర్వము 1954–60 నడుమ నాగార్జునకొండలోయ అంతయు త్రవ్వబడినది. ముఖ్యావశేషములు కొండపైకిని అనుపునకును తరలింపబడినవి. శ్రీశైలజలాశయమున మునుగవలసిన కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయిరాయిగా విప్పి ఆలంపురమున మరల నిర్మించిరి. ఇవి ఘనకార్యములు.

కాని ఆ అనుభవమునకును నేటి పరిస్థితికిని ఒక భేదము కలదు. జలాశయము తన తేదీని ముందుగా చెప్పును. ఏ గీతవరకు నీరు వచ్చునో పటముపై గీయవచ్చును. సముద్రము తేదీ చెప్పదు. గీతను ఏటేట మార్చును. తరలించుటకు గడువు లేనిచోట వాయిదా వేయుట సులభము. అదియును గాక తరలించినంతమాత్రమున శాశ్వతరక్షణ కలుగదు. 2009 అక్టోబరున కృష్ణా తుంగభద్రలకు మహావరద వచ్చినప్పుడు ఆలంపురమును నీరు ముంచెత్తెను. ఒక నీటినుండి తప్పించి తెచ్చిన గుడి యున్న ఊరికి మరియొక నీరు వెదుకుకొనుచు వచ్చినది.

అన్నిటిని తరలింపలేము. అన్నిటికి గోడలు కట్టలేము. ఏది ముందు రక్షింపవలెను అను ప్రశ్న వచ్చితీరును. ఇది కఠినమైన ప్రశ్న. యాత్రికులు వచ్చు కట్టడమునకు ధనము దొరకును. చేలగట్టుననున్న విరిగిన శాసనమునకు దొరకదు. ప్రసిద్ధమైనదే విలువైనదను పొరపాటును సవరింపగలవారు పరిశోధకులు మాత్రమే.

కర్తవ్యము

పరిశోధక విద్యార్థులకు మేము సూచించు పనులు నాలుగు. ఒకటి: తీరమునకు చేరువనున్న ప్రతిశాసనమును మరల ప్రతితీయవలెను. శతాబ్దికి పూర్వము తీసిన ప్రతితో నేటి శిలను పోల్చినచో ఎంత అరిగినదో తెలియును. పాత పాఠమందలి తప్పులును తెలియును. రెండు: శాసనములు, కైఫీయతులు, కుటుంబపత్రములలో గాలివాన, ఉప్పెన, కరువు, వరద ప్రస్తావనలను ఏరి, తిథులు సరిచూచి, ఒక సూచిక కూర్చవలెను. మూడు: లంక, తిప్ప, మొగ, పర్ర వంటి పదములు గల స్థలనామములను పటముతో సహా సేకరింపవలెను. ఇందు భూశాస్త్రశాఖవారితో కలిసి పనిచేయవలెను. నాలుగు: 1977 నాటి ఉప్పెనను కన్నులార చూచినవారి మాటలను వారి మాండలికముననే నమోదు చేయవలెను.

ఈ నాలుగవది అన్నిటికంటె తొందరైనది. ఆనాడు ఇరువదియేండ్ల వయసువారు నేడు డెబ్బదియేండ్లకు చేరుచున్నారు. మా తల్లిదండ్రులు ఆ ఉప్పెనను ఎఱిగినవారు. మేము దానిని విన్నవారము. మా విద్యార్థులు చదువవలసినవారు. ఎఱిగినవారు చెప్పక, విన్నవారు వ్రాయక పోయినచో చదువువారికి మిగులునది ఒక తేదీయు ఒక సంఖ్యయు మాత్రమే. ఆ సంఖ్యయైనను కోరంగి సంఖ్యవలె నమ్మదగనిది కావచ్చును.

గణపతిదేవుడు సముద్రము పగులగొట్టిన ఓడలలోని సొమ్మును సొంతదారులకే దక్కనిచ్చెను. తీరము విరిగి మన చేతికి అందుచున్న సొమ్మును రాబోవు తరములవారికి దక్కనిచ్చుట నేటివారి వంతు. వారే దానికి సొంతదారులు.